మూడో ముద్ర

1983 చలికాలం. అప్పుడు నేను వికారాబాద్‌లో ఆడపిల్లల బడిలో పీఈటీని, అంటే ఆటల టీచర్ని. అనంతగిరి కొండల్లో ఆడపిల్లలకు మారథాన్ పెట్టారు. పేరుకే మారథాన్, దూరం అంత లేదు. కానీ ఎర్రమట్టి ఏటవాలు, కాలు జారే రాళ్లు, సీతాఫలం పొదల మధ్య ఒక్క మనిషి పట్టేంత బాట. మంచు విడిపోతుంటే కింద లోయ ఎంత అందంగా ఉంటుందంటే, దాన్ని చూస్తూ పరుగెత్తినవాళ్లకు మోకాళ్లు పగలడం ఖాయం.

నన్ను ఫినిష్ లైన్ దగ్గర, అంటే పరుగు ముగిసే గీత దగ్గర నిలబెట్టారు. నాకు అనుమానం ఎక్కువని అందరికీ తెలుసు. "ఈ మేడం కన్నతల్లిని కూడా హాజరు పిలిచాకే నమ్ముతుంది" అని వెనక నవ్వుకునేవాళ్లు. నవ్వనీ. వెనకటికో కుర్రాడు పాలవ్యాను ఎక్కొచ్చి కప్పు కొట్టేయబోతే, చెమట పట్టని చొక్కా చూసి పట్టుకున్నది నేనే. అడవిలో అడ్డదారులకు కొదవా? అందుకే దారిలో మూడు చెక్‌పాయింట్లు పెట్టాం. ఒక్కోచోట ఒక మాస్టారు కూర్చుని, వచ్చిన పిల్ల చేతిమీద రబ్బరు ముద్ర వేస్తాడు. మూడు ముద్రలుంటేనే పరుగు చెల్లుతుంది.

ముందురోజు తాండూరు నుంచి సబిహా అనే పిల్లను తీసుకొని వాళ్ల నాయన కాసిం వచ్చాడు. బండల గనిలో పని. అనుమానంలో నన్ను మించిన మనిషి.

"జంగల్ల ఎవరుంటరు మేడం?"

"మాస్టర్లుంటరు భాయ్."

"గా మాస్టర్లకు పెండ్లిళ్లయినయా?"

"అయినయి."

"పెండ్లయినోళ్లు మంచోళ్లని ఎవరన్నరు?"

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. సబిహా తల వంచుకుని తండ్రితో, "అబ్బా, రేపు నువ్వీడ ఉంటే నేను ఉరకను" అంది. మొదట వచ్చిన పిల్లను హైదరాబాద్‌లో కోచింగ్ క్యాంపుకు పంపుతారు. "ఫస్టొస్తే పంపుడా వద్దా సోంచాయిస్త. రాకుంటే గీ ఉరుకుడు బంద్" అని కూతురికి చెప్పి, సాయంత్రం బండికి ఇంటికి పోతున్నానంటూ కాసిం స్టేషన్ వైపు నడిచాడు.

మర్నాడు అందరికంటే ముందు సబిహానే వచ్చింది. ఆమె వెనక చాలాసేపు ఎవరూ లేరు. అదే నాకు గుచ్చుకుంది. చెయ్యి పట్టి చూశాను. రెండే ముద్రలు.

"మూడోదేది?"

"ఆడ సారు లేకుండె మేడం. పిలిచిన. ఎవరూ పలకలే. ఉరికొచ్చిన."

ఇలాంటి కథలు ఎన్ని వినలేదు! రెండో చెక్‌పాయింట్ దిగువన బండ్లబాట ఒకటి మూడోదాన్ని తప్పించి నేరుగా రోడ్డు మీదికి దిగుతుంది. పైగా తర్వాత వచ్చిన పిల్లలందరి చేతుల మీదా మూడేసి ముద్రలున్నాయి. డిస్‌క్వాలిఫై చేస్తానన్నాను, అంటే పరుగు లెక్కలోంచే తీసేయడం. సబిహా ఏడవలేదు, బతిమాలలేదు. నా కళ్లలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపుకు నాకే ఇబ్బందిగా అనిపించి, మూడో చెక్‌పాయింట్ మాస్టారు వచ్చేదాకా ఆగుదామన్నాను.

మాస్టారు వచ్చాడు. ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి లేదు.

"కుక్క ఎత్తుకపోయింది మేడం. పొద్దట్నుంచి కూసున్న జాగల్నించి లేవలే. ఆ పిల్ల నా దగ్గరికి రానేలేదు."

అప్పుడు గుంపులోంచి కాసిం బయటికొచ్చాడు. లుంగీ నిండా ఎర్రమట్టి. చంకలోంచి చెప్పొకటి తీసి మాస్టారి ముందు పెట్టాడు. "గిది నీదే గద సార్?"

"అబ్బా!" అంది సబిహా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

కాసిం బండెక్కనే లేదట. తెల్లవారుతుండగా కొండెక్కి, అన్నిటికంటే మారుమూలనున్న మూడో చెక్‌పాయింట్ ఎదురుగా పొదలో కూర్చున్నాడు, మాస్టారికి కాపలా. మాస్టారేమో ఆడపిల్లలు ఇంత తొందరగా ఎక్కడొస్తారులే అని, ముద్ర బండమీద పెట్టేసి, అవతల చెట్టుకింద తువ్వాలు పరిచి గుర్రు పెట్టాడు. సబిహా పోయాక, వెనకొచ్చిన పిల్లల చప్పుడుకు గానీ లేవలేదు.

"లేపొచ్చు కదా భాయ్?"

"లేపితే నేను పండనేలేదు అంటడు మేడం. సాక్ష్యం కావాలె గద, సబూత్."

నవ్వాపుకోవడం నావల్ల కాలేదు. అయినా నా అనుమానపు పురుగు చావలేదు. మాస్టారు నిద్రపోయాడు సరే, పిల్ల ఆ దారినే వచ్చిందని ఎట్లా నమ్మడం? సబిహాను పక్కకు తీసుకెళ్లి, అక్కడ ఏం చూశావని అడిగాను.

"ఇంకు డబ్బా మూత తెరిచే ఉండె. పక్కన సారు టిఫిను డబ్బాకు చీమలు పట్టినయి."

మాస్టారిని అడిగితే, చీమల మాట నిజమేనని గొణిగాడు.

"మరి ముద్ర నువ్వే వేసుకోకపోయావా?" అన్నాను సబిహాతో. కాసిం అందుకున్నాడు.

"తీసింది మేడం. చేతిల పట్టుకున్నది. అటు సూసింది, ఇటు సూసింది. ఒక్క మనిషి లేడు. కొట్టుకో బిడ్డా, కొట్టుకో అని పొదల కూసోని నేను మనసుల మొత్తుకుంటున్న. మళ్ల ఆడనే పెట్టి ఉరికింది." సబిహాదే మొదటి స్థానం అని నేనే ప్రకటించాను.

అనుమానించడం ఆ తర్వాత కూడా మానలేదు, నా ఉద్యోగమే అది. కాకపోతే ముద్ర లేని చెయ్యి కనపడితే, ముద్ర వెయ్యాల్సినవాడు ఎక్కడున్నాడని ముందు ఆరా తీయడం నేర్చుకున్నాను.

సబిహాను క్యాంపుకు తీసుకుపోవడానికి వికారాబాద్ స్టేషన్‌లో ఎదురుచూస్తుంటే, తాండూరు నుంచి వచ్చిన బండిలో సబిహా ఒక్కతే కనపడింది. కాసిం ఏ మూల దాక్కున్నాడోనని డబ్బా అంతా వెతికాను.

"రాలే మేడం" అంది సబిహా. "ఎవరూ లేని జాగల నిన్ను సూసిన, ఇగ సూసుడేమున్నది, పో బిడ్డా అన్నడు."