పక్కసీటులోని కుడికాలు

సీసా మూత తిప్పగానే ఆ వాసన గుప్పున ముక్కుకు తగిలింది. కిరసనాయిలూ గోళ్ళరంగూ కలిపినట్టుండే ఘాటు. హార్బరు మీదుగా గాలి కోస్తోంది. గ్యాస్ స్టేషన్‌లో తొడుగు తీసిన నా వేళ్ళు అప్పుడే మొద్దుబారుతున్నాయి. ట్యాంకు దాదాపు ఖాళీ. ముందు ఈ ఇంజెక్టర్ క్లీనర్ పోసి, ఆ పైన పెట్రోలు నింపితే బాగా కలుస్తుంది. మంచు పడకముందు చేసే పనుల్లో ఇదొకటి. ఇంజనులోకి పెట్రోలును తుంపరగా చిమ్మే ఇంజెక్టర్లలో పేరుకున్న మడ్డిని ఇది కరిగిస్తుందని సీసా మీద రాసి ఉంది. సీసా మీద ఏమైనా రాసుకోవచ్చు. పోయబోయి ఆగాను. ‘ఏం చూస్తే ఇది దండగని ఒప్పుకుంటావు?’ ఈ ప్రశ్న నాది కాదు, డాక్టర్ సుభద్ర గారిది. ఆమె పోయి కొన్నేళ్ళయింది. అయినా కెనడాలోని ఈ హాలిఫాక్స్‌లో చలి మొదలైన ప్రతిసారీ ఆ ప్రశ్న వచ్చి నా ఎదురుగా నిలబడుతుంది. జవాబు చెప్పేదాకా కదలదు.

కాలేజీ రోజుల నుంచీ నేను హేతువాద సభల్లో, వాదాల్లో పెరిగినవాణ్ణి. ముహూర్తాలు, వాస్తు, చేతబడి, దేన్నీ ఉతక్కుండా వదల్లేదు. అమెరికాలో కొన్నాళ్ళు పనిచేసి ఈ ఊరొచ్చిన కొత్తలో, దసరాకి గుడి పార్కింగ్‌లో మనవాళ్ళు కొత్త కార్ల టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం చూసి నా ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం భోజనాల ముందు మైకు దొరికింది. కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే చేతులు నిమ్మకాయకు దండం పెడతాయా అని మొదలుపెట్టి ఏకధాటిగా కడిగేశాను. సగం మంది మొహాలు మాడ్చుకున్నారు. ఇంకో సగం పులిహోర చల్లారిపోతోందని బాధపడ్డారు. అంతా అయ్యాక పొట్టిగా, తెల్లటి క్రాపుతో ఉన్న ఒక పెద్దావిడ రెండు మడతకుర్చీలు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చారు. ఆమే సుభద్ర గారనీ, ఇక్కడి ఆసుపత్రిలో పాథాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యారని తర్వాత తెలిసింది. “బాగా మాట్లాడావయ్యా. ఇవి మా ఇంటి దగ్గర దింపేసి వెళ్ళు,” అన్నారు. డిక్కీ తెరిచాను. నా ఇంజెక్టర్ క్లీనర్ సీసాలు దొర్లుకుంటూ ముందుకొచ్చాయి.

“ఇవేంటి ఇన్ని?”

“చలికి బండి వణుకుతోంది ఆంటీ. ఫిల్ చేసినప్పుడల్లా ఒకటి పోస్తున్నా.”

“ఆంటీ ఏమిటి, నేను నీకు ఏ వరసా కాను. సరే, ఇది పనిచేస్తోందని నీకెలా తెలుసు?”

“పోశాక బండి బాగానే నడుస్తోందిగా మేడం.”

“నిమ్మకాయ తొక్కించాక వాళ్ళ బండీ బాగానే నడుస్తోందిగా!”

నా జీవితంలో అంత చిన్న ఉపన్యాసం నేను వినలేదు, అంత పెద్ద దెబ్బా తినలేదు. దారంతా లోలోపలే ఆమెతో వాదించాను. రసాయనానికీ నిమ్మకాయకూ పోలికా? ఒకటి ప్రయోగశాలలో పుట్టింది, ఇంకోటి చెట్టుకు కాసింది. ఇలాంటివి బోలెడు తట్టాయి. ఒక్కటీ ఆమె అడిగినదానికి జవాబు కాదు. ఏది ఎక్కడ పుట్టిందని ఆమె అడగలేదు. నాకెలా తెలుసని అడిగారు. ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఆ శనివారమే కారు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. క్లీనర్ పోసి, చలికాలపు టైర్లు వేయించి, బ్యాటరీ, ప్లగ్గులు అన్నీ ఆ వారంలోనే మార్పించి పారేస్తానన్నాను. నా వాదనలూ అలాగే ఉండేవి. పదీ ఒకేసారి విసిరేస్తే ఏదో ఒకటి తగులుతుందని నా ధీమా. ఆమె డ్రైవ్‌వేలో నిలబడి, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, రోగిని అడిగినట్టు అడిగారు. పొద్దున్నే స్టార్ట్ కావడానికి మూలుగుతోందా? అవును. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు వణుకుతోందా? అవును. “ఇవి రెండు జబ్బులు. రెంటికీ ఒకే మందు పోసి కూర్చున్నావు. టైర్లు మార్చు, అది మంచు కోసం, వాదన అక్కర్లేదు. అద్దం కడిగే వాషర్‌లో గడ్డకట్టని నీళ్ళు పొయ్యి, ఇంజనును చల్లబరిచే కూలెంట్ ఎంత చలికి తట్టుకుంటుందో పరీక్ష చేయించు. ఇంజను సంగతి మాత్రం ఒక్కోసారి ఒక్కటే ముట్టుకో. నీ సీసాతోనే మొదలుపెడదాం. పోసేముందు చెప్పు, ఏం చూస్తే ఇది దండగని ఒప్పుకుంటావు?”

“పనిచెయ్యకపోతే తెలిసిపోతుందిగా మేడం.”

“తెలీదు. పోశాక నీ మనసు మారిపోతుంది. కొనుక్కున్నావు కదా, ఏదో ఒక మంచి నీకు కనబడి తీరుతుంది. ముందే చెప్పు.”

చివరికి ఒప్పందం కుదిరింది. ఈ ట్యాంకు పెట్రోలు అయిపోయేసరికి ఎర్రలైటు దగ్గర వణుకు తగ్గకపోతే సీసాలన్నీ వదిలెయ్యాలి, తగ్గితే ఆమె నోరు మూసుకోవాలి. వణుకు తగ్గింది! నేను గెలిచినవాడిలా ఫోన్ చేస్తే ఆమె నాకంటే ఎక్కువ సంతోషపడ్డారు. “అయితే నేను ఓడాను. భలే, ఈ వయసులో ఒక కొత్త విషయం తెలిసింది,” అన్నారు. పొద్దున్నే వినిపించే మూలుగు మాత్రం అలాగే ఉంది. బ్యాటరీ పరీక్ష చేయిస్తే అది చివరి దశలో ఉందని తేలింది. సీసా ఒక జబ్బుకు మందు, ఇంకో జబ్బుకు నిమ్మకాయ. నన్ను వెంటాడింది మాత్రం ఆమె సంతోషమే. ఓడిపోయి సంతోషించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా సభల్లో ఓడినవాళ్ళు మైకు తీగ లాగేసేవారు.

ఆ తర్వాత ఏటా అక్టోబరులో ఇద్దరి కార్లనూ కలిసే చలికాలానికి సిద్ధం చేసేవాళ్ళం. చలికి టైర్లలో గాలి తగ్గుతుంది, చూసుకోవాలి. వైపర్లు మార్చాలి. డిక్కీలో పార, దుప్పటి, టార్చిలైటు సర్దాలి. ఆమెకు పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయారు. ఆమెకున్న ఒకే ఒక విలాసం ఆ పాత కారు. వారానికి రెండుమూడుసార్లు పొద్దున్నే ఒక్కరే ఊరిబయట సముద్రం దాకా నడుపుకుంటూ వెళ్ళి, బండరాళ్ళ దగ్గర ఆపి, థర్మాస్‌లో కాఫీ తాగి వచ్చేవారు. “నాకు గుడీ అదే, హెల్త్ కార్డూ అదే,” అనేవారు.

ఒక ఏడాది ఆమె కారు ముందు బంపరు మీద గీత కనబడింది. మరికొన్నాళ్ళకు పక్క తలుపు మీద ఇంకోటి. మనవాళ్ళ పార్టీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆమె కారెక్కడానికి కొందరు సాకులు వెతుకుతున్నారు, మొహాన మాత్రం ఎవరూ అనరు. మనం గౌరవం అని పిలిచేదాంట్లో సగం పిరికితనమే. “నువ్వే చెప్పు. మైకు ముందు పూజారికి కూడా చెబుతావుగా,” అంది మా ఆవిడ పద్మ. వారాలు గడిచిపోయాయి. రోజూ రేపు చెబుదామనుకున్నాను. కారు తీసేస్తే ఆమెకు ఆ సముద్రం ఉండదు.

ఆ అక్టోబరులో నేను వంగి ఆమె కారు టైర్లకు గాలి కొడుతూ ఉంటే పైనుంచి గొంతు వినిపించింది. “బంపరు మీద గీత చూశావా?”

“చూశాను మేడం.”

“మరి అడగవేం? నేను నొచ్చుకుంటాననా?” నేను లేచి నిలబడ్డాను. ఆమె తాళాలు ఊపుతున్నారు. “పద, పరీక్ష చేద్దాం. డాక్టరు కళ్ళు బాగున్నాయన్నాడు, లైసెన్సు బాగానే ఉంది. కానీ నాకు తెలియాల్సింది వేరే. నువ్వు పక్కసీటులో కూర్చో. నీ కాలికింద బ్రేకు ఉండదు. అయినా భయమేస్తే కుడికాలు దానంతటదే నేలకు నొక్కుకుంటుంది. నోరు మర్యాద కోసం అబద్ధమాడుతుంది కానీ కాలు ఆడదు. నేను బ్రేకు వేసేలోపు నీ కాలు ఒక్కసారి నొక్కుకున్నా తాళాలు నీకిచ్చేస్తాను. ఒప్పందమేనా?”

“ఒక్కసారికేనా? మరీ అన్యాయం!”

“ముందే చెప్పుకున్నాం, అంతే.”

సన్నగా వాన పడుతోంది. వంతెన దాటాం, మలుపులు తిరిగాం, ఆమె చక్కగా నడుపుతున్నారు. నా గుండె కుదుటపడుతోంది. ఇళ్ళ మధ్య ఓ వీధిలో ఒక తల్లి బిడ్డ బండి తోసుకుంటూ జీబ్రాగీతల మీదికి వచ్చింది. కారు వేగం తగ్గలేదు. నా కాలు రబ్బరు చాప మీద అదిమిపట్టుకుంది. ఆ తర్వాత ఆమె బ్రేకు వేశారు. గీత కాస్త దాటి ఆగాం. ఆ తల్లి మమ్మల్ని ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

“నొక్కావా?”

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. “నొక్కాను,” అన్నాను.

ఆమె మెల్లగా పక్కకు తీసి ఆపారు. నాకు మాటలు అప్పుడొచ్చాయి. వాన పడుతోంది మేడం, అద్దం మసగ్గా ఉంది, ఆ తల్లి ఒక్కసారిగా రోడ్డు మీదికి దిగింది, ఒక్క తప్పుతో ఏం తేలుతుంది, ఇంకోరోజు ఎండలో చూద్దాం. ఆమె నావైపు తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఫలితం చూశాక నియమం మారుస్తున్నావేమయ్యా? జాతకం తప్పితే పుట్టిన టైము తప్పంటారని మైకు ముందు అరుస్తావే, ఇప్పుడు నువ్వు చేస్తున్నదేంటి?” తాళాలు నా అరచేతిలో పెట్టారు. వేడిగా ఉన్నాయి. “దిగు, సీటు మారదాం.”

ఆమె దాన్ని ప్రశాంతంగా స్వీకరించారని రాస్తే అబద్ధమవుతుంది. చాలాకాలం నా ఫోన్ ఎత్తలేదు. కారు అమ్మేశారు. హార్బరు దాటించే ఫెర్రీలోనూ బస్సుల్లోనూ తిరగడం నేర్చుకున్నారు, ఆలస్యమైన ప్రతి బస్సునూ తిట్టారు. కొన్ని ఆదివారాలు నేను సముద్రం దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. “నువ్వు నడిపితే ఇది వేరే సముద్రం,” అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. నేను నిజం చెప్పడం సరైనదేనని బుద్ధికి తెలుసు. ఆ ‘నొక్కాను’ అనే మాట మాత్రం లోపలెక్కడో ఇంకా కదులుతూనే ఉంటుంది.

సీసా ట్యాంకులో పోశాను. వణుకు తగ్గకపోతే వచ్చే ఏడు కొననని ముందే పైకి అన్నాను. పెట్రోలు నింపి కారెక్కాను. పక్కసీటులో మా అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. ఈమధ్య సాయంత్రం పూట ఎదురొచ్చే కార్ల లైట్లకు నా కళ్ళు చెదురుతున్నాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

“నీ కుడికాలు ఎప్పుడైనా నేలకి నొక్కుకుంటే నాకు చెప్పాలి,” అన్నాను. సంగతంతా వివరించాను. ఎన్నిసార్లు నొక్కుకుంటే నేను తాళాలు ఇచ్చెయ్యాలో కూడా చెప్పాను. ఒక్కసారికే.

“డాడ్, సీరియస్‌లీ?” అని నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి ఫోన్ పక్కన పెట్టేసింది.

కారు రోడ్డు మీదికి తీశాను. మొదటి ఎర్రలైటు దగ్గరికి వస్తుండగా, వద్దనుకుంటూనే నా చూపు మా అమ్మాయి కుడి బూటు వైపు జారింది.

“డాడ్! లుక్ ఎట్ ద రోడ్!”