పాంప్లెమూస్ ఎండలో ఏడు అంకెలు

మారిషస్ చూడాలన్న కోరిక నాకెప్పుడూ లేదు. కంపెనీ పంపింది, వెళ్లాను. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. మద్రాసులో ఒక సందు చివర రెండు గదులు, ఒక లేతు మిషను, నలుగురు మనుషులు. గాలిలో దుమ్మూ మసకా ఎంత ఉన్నాయో ఎండను బట్టి చెప్పే పరికరం చేస్తాం. చూడ్డానికి మూరెడు ఇత్తడి గొట్టం, పక్కన ముల్లు తిరిగే మీటరు. గొట్టాన్ని సూర్యుడికి గురిపెట్టి, సూదిబెజ్జంలోంచి వచ్చిన ఎండచుక్క వెనకనున్న రింగులో పడేలా చూసి, ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకోవడమే పని. దాన్ని అప్పటిదాకా ఎవరూ కొనలేదు. చివరికి మారిషస్‌లో ఒక వాతావరణ ఆఫీసు వాళ్లు తెచ్చి చూపించమన్నారు. "ఇది కూడా కుదరకపోతే లేతు అమ్మేసి ఎవరి దారి వాళ్లు చూసుకుందాం" అని మా ప్రొప్రయిటరు గారు నవ్వుతూనే అన్నారు. ఆయన నవ్వుతూ అన్నవే నిజమవుతాయని మాకు అనుభవం.

ఇది ఆ దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ముందు ఏడాది మాట. ఆఫీసు క్యూర్‌పీప్ దగ్గర, ఎత్తైన మైదానం మీద ఉంది. వాళ్ల షరతు ఒక్కటే. మబ్బులేని ఒక ఉదయం, ఏడు నుంచి పన్నెండు దాకా, పావుగంటకొకటి చొప్పున అంకెలు రాయాలి. మధ్యలో ఖాళీ ఉండకూడదు. గ్రాఫు కాగితం మీద అవి తిన్నటి గీతలో పడితే కొంటారు. సులువే అనుకున్నాను. పదకొండు రోజులు సూర్యుడి ముఖం చూడలేదు. ఆగని తుంపర. చొక్కాలు ఆరలేదు, బూట్లకు బూజు పట్టింది, నడుం పట్టేసింది. తిరుగు ఓడ మంగళవారం. శనివారం పొద్దున ఆఫీసు జీపు డ్రైవరుకు నన్ను చూసి జాలేసింది. ఆయన తాతలు మన వైపు నుంచి చెరకు తోటల పనికి వెళ్లినవాళ్లు.

"ఇక్కడ రోజూ లాప్లీ, అన్నా. సోలేయ్ కావాలంటే నోర్ పోవాలి. పాంప్లెమూస్‌లో మా బావ ఉన్నాడు, తెలుగు మేష్టరు. చిట్టీ రాసి ఇస్తా" అన్నాడు. సోలేయ్ అంటే ఎండ, నోర్ అంటే ఉత్తరం, లాప్లీ అంటే వాన. నాకు అప్పటికి బాగా వంటపట్టిన క్రియోల్ మాట ఆ లాప్లీ ఒక్కటే.

మీరెవరైనా అటు వెళ్తే దారి చెబుతాను. క్యూర్‌పీప్ నుంచి పోర్ట్ లూయీకి బస్సులో గంట పైన పడుతుంది. ఉత్తరం బస్సులు ఊరికి ఆ చివర ఎక్కాలి, పావుగంట నడక. నేను పరికరం పెట్టె మోసుకుంటూ నడిచాను కాబట్టి నాకు అరగంట పట్టింది. అక్కణ్ణుంచి పాంప్లెమూస్ ముప్పావు గంట. టిక్కెట్లు చవకే కానీ, "బ్వాత్ లా ఓసీ పూ పేయే, మిస్యే" అంటూ కండక్టరు పెట్టెకు కూడా ఒక టిక్కెట్టు కొట్టాడు. డబ్బు కట్టాను కదా అని పెట్టెను సీటు మీద కూర్చోబెట్టాను. ఒక ముసలావిడ ఎక్కగానే కండక్టరు దాన్ని తీసి నా ఒళ్లో పెట్టాడు. గోడల నిండా ఎన్నికల రాతలు, రోడ్డుకు రెండు పక్కలా చెరకు. నాకు దేని మీదా ధ్యాస లేదు. పైన ఆకాశం మాత్రం నీలంగా ఉంది.

మేష్టారి పేరు నరసయ్య. ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతాడు, భజనలు నడిపిస్తాడు. ఆయన చెల్లెలు అప్పలమ్మ చెరకు తోటలో కూలికి వెళ్తుంది, నలభై దాటిన మనిషి. రేకుల ఇల్లు, ముందు చిన్న వాకిలి. సాయంత్రం నాలుగింటికి పెట్టె తెరిచి చూశాను. గొట్టంలో తేమ పీల్చడానికి నీలం గుళికల పొట్లం ఒకటి పెడతాం. అవి తడిస్తే గులాబీ రంగుకు తిరుగుతాయి. పదకొండు రోజుల క్యూర్‌పీప్ పుణ్యమా అని అన్నీ గులాబీ అయిపోయాయి. లోపలి గాజు మీద ఆవిరి పట్టింది. వేయిస్తే మళ్లీ ఆరతాయి కానీ పొయ్యి ఎవరిని అడగను?

అప్పలమ్మ అడక్కుండానే వచ్చి చూసింది. "వేయించాలా? నూనె తగలొచ్చా?" అంది. తగిలితే గాజు పాడవుతుందన్నాను. ఫరాతాలు కాల్చే పెనాన్ని బూడిదతో మూడుసార్లు తోమి, ఎర్రగా కాల్చి, చల్లార్చి, అప్పుడు గుళికలు పోసింది. జీలకర్ర వేయించినట్టు నిదానంగా కదుపుతూ ఉంటే అవి ఒక్కొక్కటీ నీలమయ్యాయి. నేను గొట్టం బిగించాక, దేనికి దేన్ని గురిపెట్టాలో మొత్తం అడిగి చెప్పించుకుంది. పప్పూ, ఆకుకూరా పెట్టింది. ఓడ దిగాక కడుపు నిండా తిన్నది ఆ పూటే.

ఆదివారం చెరకు మిల్లు పొగ తక్కువ, అదీ మంచిదే అయింది. ఏడుకు మొదలుపెట్టాను. కాగితం మీద టైములన్నీ ముందే రాసుకుని, చేతి గడియారం విప్పి పక్కన పెట్టుకున్నాను. మేష్టారు బడికి వెళ్లాడు. అప్పలమ్మ బట్టలుతుకుతూ మధ్యలో వచ్చి రెండుసార్లు గొట్టం తనే తిప్పి చూసింది. ఎనిమిది గంటల అంకె రాసి, టీ తాగి, గోడకు ఆనుకున్నాను. ఎండ నడుముకు హాయిగా తగిలింది. అంతే.

కళ్లు తెరిచేసరికి ముఖం మీద గడ్డి టోపీ ఉంది. అప్పలమ్మది, చేలోకి పెట్టుకెళ్లేది. ఆవిడ తల మీద ఏమీ లేకుండా ఎండలో గొట్టం దగ్గర నిలబడి ఉంది. గడియారం చూశాను. పది కావడానికి పది నిమిషాలు. పదకొండు రోజులు, ఒక ఓడ, నలుగురి బతుకు, అన్నీ నిద్రలో పోగొట్టాననుకున్నాను.

"నువ్వు చాలా ఫాతిగే, అన్నా. లేపలేదు. మోంత్ర్ చూసి రాసినా" అందావిడ, నా గడియారం చూపిస్తూ.

కాగితం మీద ఎనిమిదింబావు నుంచి తొమ్మిదీ ముప్పావు దాకా ఏడు అంకెలున్నాయి. అన్నీ తెలుగు అంకెలే. వాళ్లన్న పలక మీద నేర్పించినవట, చేతికి వచ్చినవి అవేనట. మన దగ్గర ఆ అంకెలు ఎవరు రాస్తున్నారు? నేనే తడుముకుంటూ చదివాను. మిగతావి నేను పూర్తి చేసి, పన్నెండయ్యాక గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాను. తిన్నగా ఉందో లేదో చూడ్డానికి ఆవిడ కుట్టుదారం ఒకటి తెచ్చి ఒక కొస పట్టుకుంది. పొద్దున్నే నేను రాసినవాటిలో రెండు చుక్కలు కాస్త పక్కకు జరిగాయి. ఆవిడ ఏడూ దారం మీదే ఉన్నాయి.

"బోన్?" అని అడిగింది.

"చాలా బాగున్నాయమ్మా."

"నా పేరు కూడా రాస్తావా, అన్నా? తోటలో కూలీల మీద సర్దార్ ఉంటాడు, ఆయన బుక్‌లో ఉంది నా పేరు. పనికి పోని రోజు గీత కొట్టేస్తాడు."

"దీంట్లో ఎవరూ కొట్టరు" అని, పరిశీలించినవారు అన్నచోట నా పేరు కింద ఆవిడ పేరు రాసి చూపించాను. కాగితాన్ని కాసేపు చూసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లి బట్టలు ఆరేసుకుంది. మూడింటి బస్సుకు నేను బయల్దేరాను. అక్కడికి అయిదు నిమిషాల నడకలో పెద్ద తోట ఉంది, తామరాకులు పళ్లేలంత ఉంటాయట. చూడలేదు.

సోమవారం పొద్దున, ఆఫీసువాళ్లకు తెలుగు అంకెలు రావు కదా అని మరో కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాశాను. కింద పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నాదొక్కటే రాశాను. అధికారి గీత మీద స్కేలు పెట్టి చూసి, మధ్యలో ఈ ఏడూ చాలా శుభ్రంగా వచ్చాయి, ఏం చేశారు అని అడిగాడు. చెయ్యి కుదిరింది సార్ అన్నాను. ఆరు పరికరాలకు ఆర్డరిచ్చారు.

నిద్రపోయానని చెబితే కాగితం చెల్లదేమో, నలుగురి బతుకు పోతుందేమో అని ఓడలో నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అదంతా తర్వాత అల్లుకున్నది. ఆ క్షణంలో నాకున్నది సిగ్గు ఒక్కటే. పగటిపూట గోడకు ఆనుకుని నిద్రపోయిన మనిషిగా కనపడ్డం ఇష్టంలేక అలా చేశాను. కంపెనీ నిలబడింది. ఇప్పుడు మా పరికరంతో ఇచ్చే పుస్తకంలో మొదటి పేజీలో ఆ గీతే ఉంది, కింద నా పేరు ఉంది. ఆవిడ రాసిన కాగితం నా సొరుగులో ఉంది. సర్దారు ఆవిడ రాని రోజునే గీత కొట్టేవాడు. నేను ఆవిడ వచ్చి నిలబడి పనిచేసిన రోజును కొట్టేశాను. ఆ ఏడు అంకెలూ రాసింది అప్పలమ్మ. ఇన్నాళ్లకు ఇక్కడ రాస్తున్నాను.

పరికరాలతో ప్రయాణం చేసేవాళ్లకు ఒక్కటే చెబుతాను. అంకెలు రాసే కాగితంలో ప్రతి అంకె పక్కన పేరుకు ఒక గడి గీయించుకోండి. రాసినవాళ్లతో అప్పుడే, అక్కడే పేరు రాయించండి. ఎత్తిరాయాల్సివస్తే అసలు కాగితాన్ని కూడా జతచేసి ఇవ్వండి.