మేస్త్రి ఖాళీగా వదిలిన గడి

లారీ ఇంజన్ల మేస్త్రి అంటే చుట్టుపక్కల షెడ్లన్నీ ఒక మెట్టు దిగి మాట్లాడేవి. చదివింది ఊరి బడిలో ఐదో తరగతే. అయినా నలభై రెండేళ్లలో ఆయన విప్పి బిగించిన ఇంజన్ ఒక్కటీ మళ్లీ షెడ్డు ముఖం చూడలేదు. చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. పదకొండు మంది శిష్యులను మేస్త్రీలను చేశాడు. తన చెంపదెబ్బ తినకుండా వాళ్లలో ఒక్కడూ పైకి రాలేదని మీసం మెలేసేవాడు.

అలాంటివాడికి లొంగనిది పద్నాలుగేళ్ల మనవరాలు ఒక్కతే. కుర్చీ ఎత్తి బీరువా అద్దం బద్దలుకొట్టింది. స్పానర్ విసిరితే తాత కనుబొమ చీలి నాలుగు కుట్లు పడ్డాయి. విడిపించబోయిన తల్లి మణికట్టు నెత్తురొచ్చేలా కొరికింది.

కౌన్సెలింగ్ డాక్టరమ్మ మూడు గడుల కాగితం ఇచ్చింది. గొడవకు ముందు ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, తర్వాత ఏమైంది.

"ఎంతోమంది పిల్లల మీద పనిచేస్తుందని తేలిన పద్ధతి ఇది. కాగితం నిజం చెబితేనే సుమండీ" అంది.

తల్లి ఉద్యోగానికి పోతుంది గనక రాసే పని మేస్త్రి తీసుకున్నాడు. ముత్యాల్లాంటి దస్తూరీ.

ఆరు వారాలకు పదకొండు గొడవలు తేలాయి. పదకొండింటికీ ముందు గడిలో ఒకటే మాట: ఏమీ లేదు.

"కారణమే లేకుండా ఇంత కోపమైతే ఇంటి దగ్గర వైద్యం చాలదు. ఆస్పత్రిలో ఉంచాలి. సంతకం పెట్టండమ్మా" అంటూ డాక్టరమ్మ తన గదిలో ఆస్పత్రి కాగితం తల్లి ముందు పెట్టింది.

తల్లి పెన్ను అందుకుంది.

"పెట్టెయ్యమ్మా. తాతయ్యకి పీడా పోతుంది" అంది పిల్ల.

"నోర్ముయ్!"

మేస్త్రి చెయ్యి గాల్లోకి లేచింది. పిల్ల అరవలేదు. దెబ్బ ఎటు నుంచి వస్తుందో కొలిచిపెట్టుకున్నట్టు మోచెయ్యి చెంపకు అడ్డం పెట్టుకుంది. రెండో చేత్తో బల్ల మీది గాజు గ్లాసు విసిరింది. అది గోడకు తగిలి భళ్లున పగిలింది.

మేస్త్రి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"దీనికి ముందు గడిలో ఏం రాస్తారు మేస్త్రిగారూ?" డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

"చెంపదెబ్బ కూడా రాయాలా అమ్మా? అది... పని నేర్పడం కదా."

అడ్డం పెట్టిన మోచెయ్యి ఇంకా దిగలేదు. దాని మీద పాత కమిలిన మచ్చ. మేస్త్రి ఆ మచ్చను చాలాసేపు చూసి, కూతురి చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. పదకొండు చోట్లా 'ఏమీ లేదు' కొట్టేసి, 'నేను కొట్టాను' అని రాశాడు. ముత్యాలు వంకరపోయాయి.

"పన్నెండోది మర్చిపోయావు తాతయ్యా."

"ఇప్పుడు తగల్లేదు కదే!"

"లేపావుగా."

మేస్త్రి అదీ రాశాడు. సంతకం కాగితాన్ని డాక్టరమ్మ సొరుగులో పెట్టేసి, ఆయన ముందుకు కొత్త గడుల కాగితం జరిపింది.

"ఈ వారం నుంచి వైద్యం ఇద్దరికీ" అంది.