డ్రాయింగ్ ఉన్ననాడే బడికొచ్చే పిల్ల

1975లో నేను లాల్‌దర్వాజా దగ్గర ఒక ప్రభుత్వ బాలికల హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. తెలుగు మీడియం. మా పిల్లల తండ్రుల్లో ప్రెస్సుల్లో పనిచేసేవాళ్లు, బస్సు కండక్టర్లు, గల్లీల్లో బర్రెలు కట్టుకుని పాలు పోసేవాళ్లు ఎక్కువ. నేను క్లాసులో అడుగుపెడితే పిల్లలు మాటలు ఆపి సర్దుకుని కూర్చునేవాళ్లు. టీచరంటే అలాగే ఉండాలనుకునేదాన్ని, గ్రేస్ వచ్చేదాకా.

గ్రేస్ డ్రాయింగ్ టీచర్. మలక్‌పేట నుంచి వచ్చేది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ అని రెండు సర్కారు పరీక్షలు పాసైతే చాలు ఆ ఉద్యోగానికి, నాలాగా డిగ్రీ, బి.ఇడి. అక్కర్లేదు. ఆమె వరండాలో కనిపిస్తే పిల్లలు రెండు వైపులా చేరేవాళ్లు. రంగుల డబ్బా నేను మోస్తానంటే నేనని కొట్లాడుకునేవాళ్లు. నల్లబల్ల మీద వాడే పెద్ద చెక్క కంపాసు మాత్రం నేనే మోసుకునేదాన్ని. స్టాఫ్ రూములో గ్రేస్ టిఫిను విప్పి రమ్మని పిలిస్తే నాకు వెంటనే దిద్దాల్సిన పేపర్లేవో గుర్తొచ్చేవి. అది అసూయే. ఇంకో పేరు పెట్టలేను.

తొమ్మిదో తరగతిలో యాదమ్మ అని ఒక పిల్ల ఉండేది. పాలవాళ్ల అమ్మాయి. నా క్లాసులో ఏం అడిగినా లేచి నిలబడి, ఓణీ కొస వేలికి చుట్టుకుంటూ నేల చూసేది. ఒకరోజు లీజర్‌లో, అంటే క్లాసు లేని పీరియడ్‌లో, డ్రాయింగ్ గది కిటికీ పక్కగా వెళ్తుంటే లోపల యాదమ్మ గొంతు వినిపించింది. పాత ఇళ్ల కిటికీలకుండే జాలీ డిజైను ఎలా వేయాలో చుట్టూ ఉన్న పిల్లలకు చెబుతోంది.

“కంపాసు కదిలియ్యకు. గంతే పెట్టి చుట్టూ తిప్పుకుంట పో. ఆరు సార్లకు మొదలు పెట్టిన కాడికే వస్తది.”

నెల కిందట నేను చెప్పిన పాఠమే అది. మర్నాడు పిలిచి నల్లబల్ల మీద వేయమన్నాను. చక్కగా వేసింది. ఎందుకలా వస్తుందో చెప్పమనగానే మళ్లీ ఓణీ కొస పట్టుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో మావారి మీద ఊరికే విసుక్కున్నాను.

ఆ ఏడాది మా టెన్త్ ఫలితాలు బాగా పడిపోయాయి. డ్రాయింగ్ పీరియడ్లు తీసేసి లెక్కలకు కలుపుదామని, గ్రేస్‌ను వేరే స్కూలుకు మార్చమని పైకి రాద్దామని హెడ్‌మిస్ట్రెస్ నాతో అన్నారు. టైంటేబుల్ వేసేది నేనే. స్టాఫ్ మీటింగ్‌లో కొత్తది చదవమన్నారు. పైకి తలూపాను గానీ లోపల సంతోషం ఆగలేదు.

ఆ రోజుల్లోనే యాదమ్మ బడికి సరిగా రావడం మానేసింది. వారంలో రెండు రోజులు మాత్రం కనిపించేది. సంగతేమిటో కనుక్కుందామని గౌలిపురాలో వాళ్లింటికి వెళ్లాను. బర్రెల కొట్టం పక్కనే రెండు గదులు. తల్లి పేడ ఎత్తుతున్నదల్లా చేతులు కడుక్కుని వచ్చింది. బర్రె తొక్కి తండ్రి కాలు విరిగిందనీ, పాలు పోయడానికి పిల్ల వెళ్తోందనీ చెప్పింది.

“సదువు బంద్ జేపిద్దామనుకున్నం టీచరమ్మా. గానీ మంగళారం, శుక్రారం ఇది ఆగదు. డ్రాయింగున్నది, పోవాలె అంటది. గా రెండు దినాలు చీకట్లనే లేచి పాలు పోసొచ్చి ఉరుకుతది.”

మరి లెక్కల సంగతేమిటని అడిగాను. తలుపు చాటు నుంచి యాదమ్మే జవాబిచ్చింది. “లెక్కలంటే భయం టీచర్. డ్రాయింగ్‌కు వచ్చిన నాడు మీ క్లాసుల గూడ కూసుంట గద.”

నన్ను నొప్పించాలని అనలేదు, ఊరడించాలనే అంది. తిరిగొస్తుంటే దారి పొడవునా ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా నేను చెబుతున్న లెక్కలకు ఆ పిల్లను గల్లీ దాటించే బలం లేకపోయింది. గ్రేస్ కుంచెకు ఉంది.

స్టాఫ్ మీటింగ్‌లో గ్రేస్ తల దించుకుని కూర్చుంది. ఆమెకు ఎవరో ముందే చెప్పినట్టున్నారు. హెడ్‌మిస్ట్రెస్ నా వైపు చూశారు. లేచాను గానీ టైంటేబుల్ చదవలేకపోయాను. యాదమ్మ ఇంట్లో విన్నదంతా చెప్పాను.

“డ్రాయింగ్ తీసేస్తే గా పిల్ల బడికే రాదు మేడం. రాని పిల్లకు నేను లెక్కలెట్ల చెప్పాలె?”

ఒక్క పిల్ల కోసం స్కూలు నడపలేమని ఆవిడ అన్నారు. అప్పుడు సోషల్ టీచర్ తన క్లాసులోనూ అలాంటి వాళ్లున్నారంది. హిందీ టీచర్ పాటల పీరియడ్ కోసమే వచ్చే పిల్లల సంగతి ఎత్తింది. చాలాసేపు వాదన నడిచాక డ్రాయింగ్ నిలిచింది. బదులుగా పొద్దున గంట కొట్టకముందే నేను లెక్కల స్పెషల్ క్లాసు తీసుకోవాలన్నారు, ఒప్పుకున్నాను. బయటికొచ్చాక గ్రేస్ నా చెయ్యి పట్టుకుంది. ఆమె కోసం మాట్లాడలేదని చెప్పి చెయ్యి విడిపించుకున్నాను. అది నిజమే.

పై ఏడాది యాదమ్మ టెన్త్ లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. తర్వాత జరీ పనివాళ్లకు చీరల మీద డిజైన్లు గీసిచ్చే పనిలో కుదురుకుంది. రిజల్టు వచ్చిన రోజు మిఠాయి తెచ్చి ముందు డ్రాయింగ్ గదికే వెళ్లింది. నేను స్టాఫ్ రూములో ఎదురుచూస్తూ కూర్చున్నాను. వచ్చి నా కాళ్లకు మొక్కింది. గ్రేస్‌నైతే వాటేసుకుందట.

తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను టైంటేబుల్ వేసిన ప్రతిసారీ డ్రాయింగ్, పాట, కుట్టు ముందు రాశాను. మిగిలిన గడుల్లో లెక్కలు నింపాను. పిల్లను ఇంట్లోంచి బడిదాకా లాక్కొచ్చేది ఏదో ఒకటి ఉంటుంది, అది నా సబ్జెక్టు కాకపోవచ్చు. ఈ మాట కొత్త టీచర్లకు ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మనసు కొంచెం చివుక్కుమంటూనే ఉండేది.