గంట తాత వీపు మీద సున్నం

పూజ్యులైన సంఘ పెద్దలకు, స్త్రీల సమాజానికి, ముందు వరసలో నిలబడి పాడేవాళ్ళకు, వెనక వరసలో కూర్చుని కునికేవాళ్ళకు ముందుగా నా క్షమాపణ. గోనెపట్ట కట్టుకుని, నెత్తిన బూడిద పోసుకుని మరీ అడుగుతున్నాను. గోనె దొరక్క లుంగీతో సరిపెట్టాను. బూడిదకి మన ఖుర్సీపార్‌లో కొరత లేదు, ఆరేసిన బట్టల మీద ఉక్కు ప్లాంటు చిమ్నీలు రోజూ ఉచితంగానే పోస్తున్నాయి. పోయిన మనిషి గురించి సంఘ పత్రికలో రాసేటప్పుడు వేళాకోళం వద్దని పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి చెప్పారు. ఆ ఆజ్ఞని ఈ పేజీల పొడుగునా మీరబోతున్నందుకు ఘోరంగా పశ్చాత్తాపపడుతున్నాను.

గంట తాత పోయాడు. పోయిన మంగళవారం పొద్దున, ఫస్టు షిఫ్టు సైకిళ్ళు గేటువైపు వెళ్ళిపోయాక, అరుగు మీద కూర్చుని టీ తాగుతూ పోయాడు. గ్లాసు చేతిలోంచి పడలేదు. "సుక్క ఒలకలేదమ్మా, ఆఖరికి కూడా నాకు పని పెట్టలేదు మా మావ" అని కోడలు వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడ్చింది.

కొత్తగా సంఘంలో చేరినవాళ్ళకి చెప్పాలి. ఒకప్పుడు మన గుడి గుమ్మం పక్కన గొలుసుతో మూరెడు రైలు పట్టా ముక్క వేలాడేది. అదే మన గంట. బొటనవేలంత లావు బోల్టుతో దాన్ని కొట్టేవాడు తాత. ప్లాంటులో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, చేతిలో ఆ బలం ఉండిపోయింది. ప్రతి ఆదివారం మూడుసార్లు కొట్టేవాడు. "మొదటిది లెగడానికి, రెండోది సిగ్గుపడ్డానికి, మూడోది పరిగెట్టడానికి" అనేవాడు. గాలి అటు ఉంటే చరోదా రైల్వే క్వార్టర్స్‌దాకా వినబడుతుందని ఆయన వాదన. చరోదా నుంచి వచ్చే కుటుంబాలు మాత్రం ప్రతివారం ఆలస్యంగా దిగి, అస్సలు వినబడలేదని ప్రమాణం చేసేవాళ్ళు.

తాతకి ఇంకో అలవాటు ఉండేది. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల సిద్ధం చేసి, ఎవరిని వారు పరీక్షించుకోమని అయ్యగారు అనగానే లేచి బయటికి నడిచేవాడు. "గొలుసు సూసొత్తాను" అనేవాడు. గొలుసుని చూడ్డానికి అరక్షణం చాలు. తాత మాత్రం రొట్టె, ద్రాక్షరసం అందరికీ అందేదాకా పక్కగోడకి వీపు ఆనించి నిలబడేవాడు. ఆ ఆదివారాల్లో ఆయన చొక్కా వెనకంతా తెల్లగా సున్నం.

"ఏటి బాబాయ్, గోడకి మేం సున్నం ఏయిత్తంటే నువ్వు సొక్కాతో అద్దుకుపోతన్నావు?" అనేది స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మ.

"మా ఇంటిక్కూడా ఎయ్యాల గదమ్మా. కొంచెం కొంచెం పట్టుకుపోతన్నాను" అనేవాడు తాత. అందరం నవ్వేవాళ్ళం. ఆ మాటలో నిజం ఎంతుందో అప్పుడు మాకేం తెలుసు?

బోర్డుల మీద మధ్యప్రదేశ్ చెరిపి ఛత్తీస్‌గఢ్ అని రాస్తున్న రోజులవి. కొత్త రాష్ట్రం వచ్చిన ఉత్సాహంలో ఊళ్ళో సన్మానం జరగని మనిషి లేడు. మన గుడికీ ముప్ఫై ఏళ్ళు నిండాయి కాబట్టి మనం గంట తాతని పట్టుకున్నాం. సుపేలా బజార్లో మెరూన్ రంగు శాలువా కొన్నాం. గంటకి కూడా బంతిపూల దండ వేశాం. తాతకి శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమన్నారు అయ్యగారు.

తాత గొంతు సవరించుకున్నాడు. "రెండు మాటలే. ఈ గంట నాను ప్లాంటులోంచి ఎత్తుకొచ్చీసినాను."

వెనకనుంచి ఎవరో అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు.

"గుడి కట్టుకున్నాం, గంట లేదు. కట్టెల మోపులో ఎట్టి, సైకిలు మీద తెచ్చీసినాను. ఎవులో ఇచ్చారని అబద్ధం సెప్పినాను. దేవుడికే గదా అనుకున్నాను. మొదటి ఆదోరం కొట్టినాను, మీరందరూ వొచ్చీసినారు. ఇంక సెప్పడానికి నోరు రాలేదు" అన్నాడు. తర్వాత శాలువా తీసి, నలగకుండా మడతపెట్టి, అయ్యగారి చేతికిచ్చాడు.

పెద్దలు అక్కడే గుమిగూడారు. అలాంటి తప్పు చేసినవాణ్ణి ప్రభు బల్లకి దూరంగా ఉంచాలని సంఘ నియమం. ఆ మాట ఎవరు చెప్పాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే తాతే అందుకున్నాడు. "నన్ను ఆపక్కర్లేదు బాబూ. ముప్ఫై ఏళ్ళబట్టి నానే ఆగిపోనాను."

అప్పుడు అర్థమైంది మాకు ఆ సున్నం సంగతి.

ప్రెసిడెంటమ్మ లేచింది. "నా పెళ్ళికి ఈ గంటే కొట్టారు. దొంగ గంట గాబట్టి మా ఆయన్ని కూడా వాపసిచ్చీమంటారేటి?" వాళ్ళాయన ఆశగా తలెత్తాడు. గుడంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "ఈ గంటకే లెగిసినాం, ఈ గంటకే మోకరించినాం. మా అత్తని సాగనంపినప్పుడూ ఇదే మోగింది. అనుభవించింది అందరమూ, బయట నిలబడేది బాబాయ్ ఒక్కడూనా? ఇది ఎనక్కి ఎల్లీవరకూ ఎవులికీ బల్ల వొద్దు."

చిన్నప్పటినుంచి ఒకడి పాపం సంఘమంతటికీ మచ్చ అని విన్నాను. వింటే భయమేసేది. ఆ రోజు మన సంఘం ఆ మచ్చని విందులో పప్పు పంచుకున్నట్టు తలా ఒక గరిటె వేసుకుంది.

తాత భయం వేరే ఉంది. విషయం పైకి తెలిస్తే ప్లాంటు ఆస్పత్రి పుస్తకం లాగేసుకుంటారేమోనని. భార్య బీపీ మందులు, ఆయన కంటి చుక్కలు అన్నీ ఆ పుస్తకం మీదే. కోడలు వద్దని మొత్తుకుంది. "మందులు పోతే పోనీ. బల్ల కాడ కూకోవాలి నాను, ఒక్కసారైనా" అన్నాడు.

తర్వాతి ఆదివారం ఆరాధన అవగానే పట్టా ముక్కని ఠేలా బండి మీద పెట్టాం. బోల్టు కూడా ప్లాంటుదే, ఇచ్చేయాలన్నాడు తాత. అది కనబడలేదు. బెంచీల కింద, గుడి వెనక, పాటల బృందం పెట్టెలో అంతా వెతికాం. అందరికంటే నేనే ఎక్కువ వెతికాను. చివరికి బోల్టు లేకుండానే బయల్దేరాం. ముందు తాత, వెనక సంఘమంతా పాడుకుంటూ. పాన్ దుకాణం దగ్గర ఒకాయన ఆపి, "కిస్‌కీ బారాత్ హై భయ్యా?" అని అడిగాడు. పెళ్ళి ఊరేగింపు కాదు, గంటమ్మని పుట్టింటికి పంపిస్తున్నామని చెప్పాను.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకి చెమటలు పట్టాయి. లోపలి సరుకు బయటికి పోకుండా చూడ్డం ఆయన ఉద్యోగం. బయటి నుంచి దొంగసరుకు లోపలికి తెస్తే ఏ కాగితం నింపాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. "చోరీ కిస్‌నే కీ?" అని, దొంగ ఎవరో చెప్పమని గట్టిగా అరిచాడు.

తాత చెయ్యెత్తేలోపే ప్రెసిడెంటమ్మ తన హిందీతో ముందుకొచ్చింది. "హమ్ సబ్ చోర్ హై భయ్యా! సబ్‌కో పకడో!"

బైబిళ్ళు పట్టుకుని, అందర్నీ పట్టుకోమంటున్న అంతమంది దొంగల్ని చూసి ఆయన నేరుగా ఆఫీసరుకి ఫోను చేశాడు. వచ్చిన ఆఫీసరు కథంతా విన్నాడు. ముక్క ఎక్కడ తీశావని తాతని హిందీలో అడిగాడు. పట్టాల కొసలు కోసి పారేసే చోట అని చెప్పాడు తాత. అవన్నీ మళ్ళీ కరిగించడానికే వెళ్తాయట. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే కరగడానికి ముప్ఫై ఏళ్ళు ఆలస్యమైంది, అంతేగా. తుక్కు బండిలో వేయించండి" అన్నాడు. ఆస్పత్రి పుస్తకం ఊసే రాలేదు.

తాత కదల్లేదు. "సార్, ఒక బోల్టు కూడా ఉంది. కనబడ్డం లేదు. దొరికితే తెచ్చిస్తాను."

ఆ నెల ప్రభు బల్ల దగ్గర తాత మొదటి వరసలో కూర్చున్నాడు. బోల్టు మాటెత్తితే, నువ్వు దాచలేదు కదా అని అయ్యగారే కూర్చోబెట్టారు. రొట్టె ముక్కని చాలాసేపు నమిలాడు. ద్రాక్షరసం అయిపోయిన గ్లాసుని ఇంకోసారి ఎత్తి చూశాడు. బయటికొచ్చాక, "ఇంత తియ్యగుంటాదేట్రా? ఇన్నేళ్ళూ ఒక్కడూ సెప్పలేదు!" అని మామీద కోప్పడ్డాడు.

గంట లేదు కాబట్టి తాత తన సైకిలుకి కొత్త బెల్లు బిగించి, ఆదివారం పొద్దున్నే సందుసందూ తిరిగి మోగించేవాడు. లేవనివాళ్ళని పేరు పెట్టి తిట్టేవాడు. ఆ బెల్లు కొన్న రసీదు ఎప్పుడూ జేబులో ఉండేది. "సూడు, ఇది కొన్నది" అని అడగనివాళ్ళకి కూడా చూపించేవాడు. గుడికి ఇత్తడి గంట వచ్చాక కూడా ఆ తిరుగుడు మానలేదు. శనివారాలు మాత్రం గుడి వెనక గడ్డిలో కర్రతో కెలుకుతూ కనబడేవాడు. ఏం వెతుకుతున్నావంటే, బోల్టు అనేవాడు.

ఆ రోజుల్లో నాకూ ఒక అలవాటు అయింది. మొదటి ఆదివారం బల్ల సిద్ధమవగానే నీళ్ళు తాగొస్తానని బయటికి వెళ్ళడం. ఒకసారి తాత నా వెనకే వచ్చి, గోడకి ఆనుకుని పక్కన నిలబడ్డాడు.

"ఇక్కడ గాలి బావుంటాది గదా?"

"ఊఁ."

"ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాను. ఈ మూల సున్నమంతా నా సొక్కాలే తినీసినాయి. నువ్వు అన్నేళ్ళు నిలబడకురా. బట్టలు పాడైపోతాయి."

నా వీపు దులిపి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వారం నుంచి గడ్డిలో వెతకడం మానేశాడు.

తాతని సమాధి తోటకి తీసుకెళ్ళేటప్పుడు ఖుర్సీపార్ సైకిళ్ళన్నీ వెనక నడిచాయి. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, దారంతా బెల్లులే బెల్లులు. కోడలు కూడా ఏడుపు ఆపి నవ్వింది.

నా దగ్గర మోగించడానికి బెల్లు లేదు. జేబులో ఒక వస్తువు ఉంది. పెట్టెలో ఆయన చెయ్యి పక్కన వదిలేద్దామనే తెచ్చాను. కానీ పైన పరలోకం గేటు దగ్గర సోదా చేస్తే, పాపం మళ్ళీ తాతే దొరికిపోతాడు. అందుకని వెనక్కి తెచ్చుకున్నాను. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని ప్లాంటు గేటుకి పట్టుకెళ్తున్నాను. ఠేలా అక్కర్లేదు. నాతో వచ్చేవాళ్ళు రావచ్చు, పాటలు మీ ఇష్టం.

వీపు మీద ఆ సున్నం ఏట్రా అని నెలనెలా బట్టలు ఉతుకుతూ అడుగుతోంది మా అమ్మ. అమ్మా, గంట వెళ్ళిపోతుంటే దానిది ఏదో ఒకటి ఉంచుకోవాలనిపించింది. ఆ బోల్టు తీసింది నేనే.