హారతికి ముందు సబ్బునురగ

ఆ వేసవికి నాకు పందొమ్మిదేళ్లు. హైదరాబాదులో ఉంటే ఫోను నా చెవి దిగేది కాదు. నూజివీడులో మావయ్య ఇంటికొచ్చినా అంతే, ముందుగదిలో ఆయన వ్యాపారం ఫోను పక్కనే నా కాపురం. కోపమూ అంతే, ఎప్పుడూ చేతికందేంత దూరంలో ఉండేది.

ఆ ఇంట్లో నాకు పడనిది వాసనొక్కటే. పెరటి వసారాలో గడ్డి పరిచి, మామిడికాయలు పేర్చి, మధ్యలో కార్బైడ్ పొట్లాలు పెట్టి మాగేసేవారు. కుళ్లిన వెల్లుల్లి కంపు. "ఈ కంపులో ఎలా ఉంటున్నారత్తయ్యా!" అని వారం నుంచి సతాయిస్తూనే ఉన్నాను.

హైదరాబాదులో స్నేహితురాలింట్లో ఇనప జాలీ కింద గ్యాసు మంట పెట్టి కూరగాయలు కాల్చడం చూశానని చెబితే, మావయ్య ముచ్చటపడి హనుమాన్ జంక్షన్లో అలాంటి పొయ్యి చేయించారు.

"వెల్డింగాయన దగ్గర సిలిండరు కూడా ఉందే. తెచ్చేద్దామా? గ్యాసు గ్యాసేగా."

"అది ఇనుము కోసేది మావయ్యా! వంకాయలతోపాటు మనమూ కాలిపోతాం!"

చివరికి కొత్తగా వచ్చిన వంటగ్యాసు సిలిండరునే వసారాలోకి దొర్లించారు. మూత బిగుసుకుపోయింది. "నెమ్మదిగా, నెమ్మదిగా" అని మావయ్య అంటున్నకొద్దీ నాకు మండింది. గరిటె కాడ దూర్చి ఒక్క పెకలింపు పెకలించాను. మూతతోపాటు చిన్న నల్ల రబ్బరు రింగొకటి ఎగిరిపడింది. మూతదే అనుకుని కాలితో గడ్డిలోకి నెట్టేశాను. రెగ్యులేటరు నొక్కి కూర్చోబెట్టి, ట్యూబు పొయ్యికి తగిలించి గ్యాసు తిప్పాను.

"ఆగవే అమ్మడూ, కొత్త వస్తువుకి హారతివ్వకుండా ముట్టిస్తామా?" అంది అత్తయ్య. సిలిండరుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పళ్లెంలో కర్పూరం బిళ్ల వేసి దాని ముందే గొంతుక్కూర్చుంది.

అప్పుడే ముక్కుకి తగిలింది, వేరే వాసన.

"అత్తయ్యా, గ్యాసు కారుతోంది."

"కార్బైడేలే. వారం నుంచీ అదే పాటగా నీది," అన్నారు మావయ్య.

తప్పు నాదే. రోజూ కంపు, కంపు అని అరిచినదాన్ని ఈ రోజెవరు నమ్ముతారు? ఒక్క క్షణం నాకే అనుమానమొచ్చింది. అంతలో ముందుగదిలో ఫోను మోగింది. పొద్దుటి నుంచి నేను ఎదురుచూస్తున్న హైదరాబాదు ట్రంకు కాల్.

"నీకేగా, పో!" అన్నారు మావయ్య నవ్వుతూ.

అత్తయ్య అగ్గిపుల్ల గీసింది. అంటుకోలేదు. ఇంకోటి తీసింది.

పుల్లనీ పెట్టెనీ లాక్కుని నీళ్ల గోలెంలోకి విసిరికొట్టాను. నా కాలు తగిలి కర్పూరం పళ్లెం ఖంగుమని దొర్లింది.

"పెద్దంతరం చిన్నంతరం లేదా నీకు! హారతి పళ్లెం తంతావా?" మావయ్య చెయ్యెత్తారు.

బట్టలుతికే చోట నుంచి గుప్పెడు సబ్బునురగ తెచ్చి రెగ్యులేటరు మొదట్లో పూశాను. నురగ ఉబ్బింది. బుడగ మీద బుడగ. అత్తయ్య కుంకుమ చేతివేళ్లకి బెత్తెడు దూరంలో.

లోపల ఫోను మోగి మోగి ఆగిపోయింది.

మావయ్యే ముందు తేరుకున్నారు. రెగ్యులేటరు ఊడదీసి, మూత బిగించి, సిలిండరుని ఎత్తుకెళ్లి పెరటి చివర గాలాడే చోట పెట్టారు. "ఎక్కడ కారిందంటావే?" అన్నారు. నేను గడ్డిలో చెయ్యిపెట్టి వెతికి, తెగిపోయిన రింగు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను.

"మూతది కాదు, సిలిండరు మూతిలోది. నేనే ఊడగొట్టాను మావయ్యా. కోపంలో."

తిడతారనుకున్నాను. ఆయన ఆ రింగునే చూస్తూ అరుగు మీద కూర్చుండిపోయారు.

మర్నాడు ఏజెన్సీ మనిషొచ్చి కొత్త రింగు వేశాడు. పొయ్యినీ సిలిండరునీ ఆరుబయటే పెట్టాం. నురగ నేనే పూశాను. ఒక్క బుడగ కూడా లేదు. అత్తయ్య పెరటికి ఆ చివర, నూతి దగ్గర కర్పూరం పళ్లెం పట్టుకు నిలబడింది.

"ఇప్పుడు వెలిగించమంటారా అండీ?" అని కేకేసింది నన్ను.

ఇంకోసారి వంగి వాసన చూశాను. "వెలిగించండత్తయ్యా. అక్కణ్ణుంచే."