అక్క షటిల్ బ్యాట్

అమ్మ పోయాక ఆమె పెట్టెలో అక్క రక్తపరీక్షల కాగితాల కట్ట దొరికింది. చిన్నప్పుడు అక్కకు ప్లేట్‌లెట్లు తక్కువ. దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగేది కాదు, ఒంటిమీద నల్లమచ్చలు పడేవి. కబడ్డీ వద్దు, షటిల్ ఆడవచ్చని డాక్టరు చెబితే, నాన్న కొత్త బ్యాట్లు తెచ్చి రోజూ అక్కతోనే ఆడేవాడు. నాకు కుళ్ళు. అక్క ఒంటిమీద ఉన్నట్టే నల్లమచ్చలు రావాలని ఒకరోజు చేయి గిల్లుకుని అమ్మకు చూపించాను.

"చూడుమా, నాకూ వచ్చినాది. బ్యాట్ కొనియ్యి."

అమ్మ పొయ్యి ఆర్పేసి నన్ను తీసుకుని ధర్మపురి ఆసుపత్రికి బస్సెక్కింది. పరీక్షలో అంతా బాగుందనగానే ఆమె ఏడ్చింది. బ్యాట్ రాదని నేనూ ఏడ్చాను.

ఇంటికి రాగానే అక్క తన బ్యాట్ నా చేతిలో పెట్టింది. "ఇందా, పట్టే. నీ కబడ్డీ నాకియ్యి."

ఆ కట్టలో ఆనాటి నా రక్తపరీక్ష చీటీ కూడా ఉంది. అక్క కాగితాలు గట్టిగానే ఉన్నాయి. నాది మాత్రం విప్పి విప్పి మడతల దగ్గర చిరిగిపోయింది.